గాలికాలపు గడియారం

దానియేలన్న కన్నుమూశారన్న కబురు నాకు దవాఖాన మెట్ల మీద తెలిసింది. ఆయన కోసం తెచ్చిన జావ డబ్బాలో ఇంకా వేడిగానే ఉంది. ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. సంతాపసభకు నాలుగు మాటలు రాసిమ్మని కాలనీవాళ్లు అడిగారు. రాయలేకపోయాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అప్పటినుంచి నేను రాసిన ప్రతి కాగితం ముందుగా ఆయనే చూసేవారు. పైగా ఆయన అప్పజెప్పిన పనొకటి నా చేతిలో ఉంది. దసరాకు అది ముగిసింది. చూసేవారు లేకపోయినా ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన బొగ్గుతో కరెంటు తీసే పవర్‌హౌస్‌లో, కంట్రోల్ రూములో, ముప్ఫై ఏళ్లు ఫ్రీక్వెన్సీ మీటరు ముందు కూర్చున్న మనిషి. రిటైరయ్యాక గోదావరిఖనిలో మా పక్కింటికి వచ్చారు. భార్య లేరు. గోడకు పాత కరెంటు గడియారం ఒకటి ఉండేది. బ్యాటరీ లేనిది. కరెంటు సెకనుకు సరిగ్గా యాభైసార్లు కొట్టుకుంటేనే అది సరైన సమయం చూపేది. తగ్గితే వెనకబడేది, పెరిగితే ముందుకు పోయేది. పొద్దున రేడియోలో ఏడు గంటల వార్తలు మొదలవగానే, గడియారం ఎంత తేడాగా ఉందో ఆయన నోటుబుక్కులో రాసేవారు. కరెంటు పోయి ఆగితే, ఆగిన నిమిషాలు పక్కన వేరే రాసేవారు. ముల్లును మాత్రం ఎప్పుడూ సరిచేసేవారు కాదు.

ముందటేడు శ్రావణంలో పది రోజులు మందమర్రిలో కూతురింటికి వెళుతూ, ఇల్లు ఊడ్చమని నాకు తాళం ఇచ్చారు. గడియారం రోజూ కొన్ని నిమిషాలు తప్పు చూపిస్తుంటే నాకు మనసొప్పలేదు. మేలు చేస్తున్నాననుకుని రోజూ సరిచేశాను.

తిరిగొచ్చి గడియారం ముందు నిలబడ్డారు. “ఎవరు ముట్టిన్రు?”

“నేనే అన్నా. ఎనుకకు పోతుంటే దిద్దిన.”

చేతి గడియారంతో పోల్చి చూశారు. తర్వాత నవ్వారు. “నేను లేని పది రోజుల తేడా గా ముల్లు మీదనే ఉంటుండె. గాలికాలం మొత్తం మింగినవు గదనే చెల్లే.”

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, నేను జొన్నలు విసురుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పారు. “గీ ఇసుర్రాయి బరువుంది గనక పిడికెడు గింజలు ఎక్కువ పడ్డా ఒక్కసారే ఆగది. మా టర్బైను గిట్లనే. ఇప్పుడు గుట్టల మీద గాలి ఫ్యాన్లు పెడుతున్నరు. రేపు ఎండ కరెంటు గూడ వస్తది. గాలి లేస్తే కరెంటు పెరుగుతది, పడితే తగ్గుతది. మబ్బు పట్టినా గంతే. అవి కలిసినకొద్ది రాయి తేలికైతది, కరెంటు కొట్టుకునుడు ఊగుతది, గడియారం ముల్లు గదే చూపిస్తది. మన చెయ్యి జల్ది కదలాలె.”

మా ఆయన, గనిలో పనిచేసి రిటైరైనవాడు, ఆటపట్టించాడు. “బొగ్గు తిన్నోనివి, గాలి మీద పగ పట్టినవా బావా?”

“పగెందుకు? గాలి రావాలె. అది ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో ఎరుక గావాలె.”

ఒక గాలికాలాన్ని, ఆషాఢం నుంచి దసరా దాకా, లెక్క తెగకుండా రాసి, పవర్‌హౌస్‌లో కొత్తగా చేరిన పిల్లల ముందు పెట్టాలని ఆయన కోరిక. అది నా వల్ల చెడింది. “దిద్దుడు ఒచ్చింది, ఇగ రాసుడు నేర్చుకో” అని మరునాడే పలక తెచ్చారు. ముందు అంకెలు నేర్పారు, ఆ తర్వాత నా పేరు. అక్షరం వంకరపోతే, “నిదానం, సెకండ్లు ఏడికి పోవు” అనేవారు.

నిరుడు ఆయన్ను జబ్బు కమ్మి, రాత సాగలేదు. ఈ ఏడు ఆషాఢంలో గాలి లేచిన రోజే మళ్లీ కొత్త పేజీ మొదలుపెట్టారు. పదిహేను రోజులు రాయగానే దవాఖాన పాలయ్యారు. నేను రాసి తీసుకెళ్లి చూపించేదాన్ని. ఆయన కిందగా ఒక చిన్న గీత గీసేవారు, సరిగ్గా ఉందని. చివరిసారి గీత గీయడానికి వేళ్లు లేవలేదు.

“నేను లేకున్నా ఆపొద్దు చెల్లే. ముట్టొద్దు.”

“ముట్టనన్నా.”

ఎంతోమంది చదువుకున్నవాళ్లను చూశాను. నా తప్పును నాకు చదువుగా మార్చి ఇచ్చిన మనిషి మళ్లీ దొరకడు. ఆయనకు చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆయన్ను సమాధి చేసిన మరునాడు పొద్దున, బంధువుల మధ్యనుంచి ఆయన ఇంట్లోకి వెళ్లాను. ఆయన కూతురు స్టూలెక్కి గడియారం మీద చెయ్యి వేసింది. “ఇరవై నిమిషాల మీదనే ఎనుకున్నది అత్తమ్మా, సరిచేస్త.”

“ఒద్దు బిడ్డా, దిగు.”

రేడియోలో వార్తలు మొదలయ్యాయి. ఇరవై రెండు నిమిషాలు వెనక అని రాశాను. కింద గీత కోసం చోటు వదిలాను. ముల్లును ముట్టలేదు.