హత్తా నీళ్ల మీద గంగన్న

కొండల మధ్య డ్యాము ఉన్న హత్తా ఊరికి పోదామని గంగన్న అనగానే ఎగిరి గంతేశాను. నాలుగేళ్లుగా దుబాయ్ లేబర్ క్యాంపులో మావి పక్కపక్క మంచాలు. నేను స్టోర్ కీపర్ని, ఆయన పరంజాలు కట్టే మనిషి. ఫలానా చోటు చూడాలని ఆయన నోరు తెరిచి అడగడం అదే మొదలు.

కారణం లేకపోలేదు. గంగన్న వీసా ఖలాస్ అయింది, మరో వారంలో జగిత్యాల వైపు ప్రయాణం. అక్కడ చెరువులో చేపలు పట్టడం తప్ప ఆయనకు వేరే బతుకుతెరువు లేదు.

"పన్నెండేండ్లాయె తమ్మీ, నీళ్లల్ల కాలు వెట్టక. తెప్ప మీద నిలవడ్తనో లేదో! ఇంటికి పోయేముందు ఒక్కపారి సూస్కోవాలె" అన్నాడు.

జనవరిలో ఓ ఆదివారం ఉదయం ఆరింటికి అల్ వర్సాన్ క్యాంపు గేటు దాటాం. సిటీ బస్సు, ఆపైన మెట్రో పట్టుకుని దుబాయ్ మాల్ బస్టాండు చేరేసరికి ఎనిమిదిన్నర. హత్తా బస్సు తొమ్మిదింటికి, టికెట్ ఇరవై ఐదు దిర్హాములు. వెళ్లేవాళ్లు కిటికీ సీటు మాత్రం వదలకండి. ఊరు దాటి కాస్త దూరం పోయాక ఇసుక రంగే మారిపోయింది, మిరపపొడి ఆరబోసినట్టు ఎర్రటి దిబ్బలు! తర్వాత కొండలు మొదలయ్యాయి. ఒక్క గడ్డిపోచ లేదు, అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

ముందు సీట్లో గుంటూరావిడ డబ్బా తెరిచి మాకూ పులిహోర పెట్టింది. "మేం రావడం రెండోసారండి. ఆ నీళ్లు చూస్తే మతిపోద్దనుకోండి!"

"లోతెంతుంటదమ్మా?" అని గంగన్న అడిగాడు. పాపం, ఆవిడకు తెలియదు.

పదిన్నర దాటాక దిగాం. కొండ మీద ఊరి పేరు తెల్లటి పెద్ద అక్షరాల్లో కనబడుతోంది. పాత ఊళ్లో రాతి ఇళ్లు, గుట్టల మీద రెండు కావలి బురుజులు. బురుజు ఎక్కుదామంటే గంగన్న వింటేనా!

"అది యాడికి పోతది? నడువ్ తమ్మీ, నడువ్!"

చిన్న బస్సులో డ్యాము దగ్గరికి వెళ్లాం. అబ్బ, ఏం నీళ్లవి! బోడికొండల నడుమ పచ్చలూ నీలాలూ కలిపి పోసినట్టున్నాయి. టికెట్ తీసుకుని, లైఫ్ జాకెట్లు తొడుక్కుని కయాక్ ఎక్కాం. అది కూర్చుని తెడ్డు వేసే సన్నటి ప్లాస్టిక్ పడవ. నేను కేరింతలు కొడుతున్నాను. గంగన్న మాత్రం అంచులు గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాడు.

"భయమైతుందా అన్నా?"

"కూసుంటే ఏం తెలుస్తది?" అన్నాడు.

ఒక కొండ మలుపు తిరిగామో లేదో, తెడ్డు లోపల పెట్టి లేచి నిలబడ్డాడు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. పడవ అటూ ఇటూ ఊగింది. గంగన్న మోకాళ్లు కొంచెం వంచి, పాదాలు ఎడం చేశాడు. ఊగడం ఆగింది. అప్పుడు భుజం వెనక్కి లాగి, చేతిలో లేని వలను నీళ్ల మీదికి విసిరాడు. నాకు ఒళ్లు పులకరించింది.

"అరే బైఠో! బైఠో భాయ్!" అంటూ కాపలా పడవ ఈలలు వేసుకుంటూ వచ్చింది. ఇక్కడ నిలబడకూడదట. చీవాట్లు పెట్టి మమ్మల్ని ఒడ్డుకు తోలారు. ఇంకా అరగంట మిగిలి ఉందని నేను గింజుకుంటుంటే, గంగన్న ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"తిట్టనీరా! నిలవడ్డనా లేదా, గది జెప్పు!"

"నిలవడ్డవ్ అన్నా!" అని గట్టిగా అరిచాను.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. చలికాలంలో వెళ్లండి, అన్నం కట్టుకుని వెళ్లండి, కయాక్‌లో మాత్రం నిలబడకండి. దుబాయ్‌లో నేను తిరిగిన చోట్లన్నిటిలోకీ హత్తానే గొప్పదని కొట్టి చెబుతాను. బస్సు కిటికీలోంచి ఎర్రదిబ్బలు మళ్లీ కనబడ్డాయి. గంగన్న ఇంటికి ఫోన్ కలిపాడు.

"ఇనవడ్తుందా? అటక మీదికెల్లి వల దించి ఎండకెయ్యి. నేనొస్తున్న."