బేస్‌లైన్ మీద బంతి

రైనర్ కోల్బ్ అనే జర్మన్ టెన్నిస్ ఆటగాడి పేరు మీరు విని ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడి, చిన్న టోర్నమెంట్లలో మొదటి రౌండుకీ రెండో రౌండుకీ మధ్య బతికిన మనిషి. 1979 వేసవిలో అమెరికాలో షాంటిలీ దగ్గరి ఓ క్లబ్బులో ఆడటానికొచ్చి డాక్టర్ దామోదర్ ఇంట్లో దిగాడు. ఆటగాళ్ళకు క్లబ్బు సభ్యులే చోటివ్వడం ఆ రోజుల్లో రివాజు.

దామోదర్ భార్య శశికళ అతనిచేత అక్కా, బావగారూ అని పిలిపించింది. గుమ్మంలో కనబడితే చాలు, "తిన్నావా?" అనేది. తిన్నానన్నా వడ్డించేది. మూడో రోజు రైనర్, "రేపటి మ్యాచ్ పోతే ఆట మానేస్తానక్కా" అన్నాడు, మజ్జిగ ఇంకాస్త పొయ్యమన్నంత మామూలుగా.

మర్నాడు లైన్ అంపైర్లు చాలక, వద్దు మొర్రో అంటున్నా దామోదర్‌ని కూర్చోబెట్టారు. ఇంకొక్క పాయింటు పోతే రైనర్ ఓడినట్టే. అవతలివాడు కొట్టిన బంతి రైనర్ వెనక గీత దగ్గర మట్టి రేపింది. లోపలా, బయటా? దామోదర్‌కి తెలియలేదు. ఇంటి మనిషిని వెనకేసుకొచ్చాడంటారని భయపడి, లోపలే అన్నట్టు రెండరచేతులూ కిందికి చాపాడు. మట్టి కోర్టులో బంతి గుర్తు పడుతుంది. అది చూడమని ఆటగాడు అంపైర్ని అడగొచ్చు. రైనర్ వంగి చూశాడు. బూటుతో ఆ గుర్తు చెరిపేసి, వెళ్ళి అవతలివాడితో చెయ్యి కలిపాడు.

"అన్నం పెట్టిన చేత్తోనే పిల్లాడి నోట మట్టి కొట్టారు కదండీ! అవుట్ అనడానికి నోరు రాలేదా? నాకు బెంచీ మీంచే కనపడిందే!" అంది శశికళ కార్‌లో.

రైనర్ అన్నంత పనీ చేశాడు. ఆట మానేసి ఆ క్లబ్బులోనే కోచ్‌గా కుదిరాడు. ప్రతి ఆదివారం భోజనానికొచ్చేవాడు. అతనెదురుగా కూర్చుంటే దామోదర్‌కి ముద్ద దిగేది కాదు. ఒకడి బతుకు నా చేతులతో పాడు చేశానా అని దిగులు. అడుగుదామని మొదలెట్టి వాన సంగతి మాట్లాడేవాడు. అతను వెళ్ళాక మొగుణ్ణి ఆడిపోసుకోవడానికి మాత్రం శశికళ ఒక్క ఆదివారమూ సెలవు తీసుకోలేదు.

1987లో ఓ ఆదివారం దామోదర్ ఉండబట్టలేక అడిగేశాడు. "రైనర్, ఆ రోజు ఆ బంతి..."

"బయటే బావగారూ. రెండు వేళ్ళ ఎడం."

దామోదర్ చేతిలో ముద్ద కంచంలో పడింది. "మరి చూడమనలేదేమయ్యా!"

"అంటే మ్యాచ్ సాగేది. ఖర్మకాలి గెలిచినా గెలుద్దును. మళ్ళీ మోటెళ్ళూ, బస్సులూ. తొమ్మిదేళ్ళలో నన్ను తిన్నావా అనడిగిన ఇల్లు ఇదొక్కటే. వెళ్ళబుద్ధి కాలేదు."

దామోదర్‌కి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"విన్నారా? బయటేనని ఆ రోజే చెప్పానా!" అంటూ వంటింట్లోంచి వచ్చింది శశికళ. కళ్ళు తుడుచుకుని, రైనర్ కంచంలో అడక్కుండానే గరిటెడు పప్పు వేసింది.

"నాక్కూడా వెయ్యి" అన్నాడు దామోదర్.