నీళ్ల ట్యాంకు కనిపించని చోటు

పోయిన ఆదివారం ఆమదాలవలసలో రైలు దిగుతుండగా ఫోన్ వచ్చింది. మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ పోయారు. మేమంతా ఆయన్ని మావయ్య అనేవాళ్లం. అక్కడ చదివిన మీలో చాలామందికి ఆయన తాళాల గుత్తి చప్పుడు గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చింది, నేను నోరు విప్పని ఒక మధ్యాహ్నం.

ఆఖరి సంవత్సరం నా ప్రాజెక్టు జీపీఎస్ మీద. ఉపగ్రహాల సంకేతాలు అందుకునే యాంటెన్నాను కాలేజీ మేడ మీద ఎక్కడ బిగించాలో నేనే తేల్చుకోవాలి. మావయ్య నా వెనకే మెట్లెక్కి, భుజం మీది తువ్వాలు తీసి గచ్చు మీద పరిచారు. ల్యాబ్‌లో కటకాలు తుడిచే తువ్వాలు అది. ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

"నిలబడి సూస్తే లాభం నేదమ్మా. ఇలా పడుకుని సూడు. దానికేటి కనిపిస్తాదో నీకూ అదే కనిపిస్తాది" అన్నారు.

నేను పడుకోలేదు. ఎదుటి హాస్టల్ కిటికీల్లో అబ్బాయిలున్నారు. కాన్వెంట్‌లో సిస్టర్ల దగ్గర పదేళ్లు చదివినదాన్ని. నిలబడే చుట్టూ చూసి, వైరు సరిపోతుందని ట్యాంకు పక్కన చోటు చూపించాను. ట్యాంకు సగం ఆకాశాన్ని మింగేస్తుందని ఆయన మెల్లగా అన్నారు. ఇక్కడే పెట్టమన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని అక్కడే బిగించేశారు.

నెల్లాళ్లు రీడింగులు కుదరలేదు. తెర మీది మ్యాపులో మా కాలేజీ ఒక పూట రోడ్డు మీదికి, మరో పూట పక్క జీడితోటలోకి నడిచి వెళ్లేది. ప్రాజెక్టు చూసే సార్ మావయ్యను పిలిచి, ట్యాంకు పక్కన ఎవరు పెట్టమన్నారని అందరి ముందూ కేకలేశారు. ఆయన నా వైపు చూడలేదు.

"నాకే తెలీనేదు సార్. మారుస్తాను."

నేను రికార్డు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

మర్నాటికి యాంటెన్నా తూర్పు మూలకు మారింది. నాకు మంచి మార్కులొచ్చాయి. తర్వాత ఎప్పుడు కనిపించినా, నీ ఉపగ్రహాలు బాగున్నాయేటమ్మా అని నవ్వేవారు. బాగున్నాయనేదాన్ని. చెప్పాల్సింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

నిన్న కాలేజీకి వెళ్లి, తాళం అడిగి మేడ ఎక్కాను. యాంటెన్నా ఆయన పెట్టిన చోటే ఉంది. ఎదుటి కిటికీల్లో ఎవరో నిలబడి ఉన్నారు. యాంటెన్నా పక్కనే వెల్లకిలా పడుకున్నాను. పరుచుకోవడానికి ఏమీ లేదు, గచ్చు వీపుకి కాలుతోంది. ట్యాంకు ఎక్కడా కంటికి తగల్లేదు. అంచు నుంచి అంచు దాకా ఆకాశమే.