దక్షిణపు తలుపు

అనంతపురంలో నేను ఆర్కిటెక్టుగా పనిచేసిన చివరి సంవత్సరాల్లో, ఒక మార్చి నెలలో, రాయదుర్గం నుంచి పని వచ్చింది. వీరభద్రప్ప అనే వ్యాపారి తన జీన్సు కుట్టు యూనిట్‌కు కొత్త షెడ్డు కట్టదలిచాడు. అప్పిచ్చే బ్యాంకువాళ్ళు ప్లాను మీద ఆర్కిటెక్టు సంతకం కావాలన్నారు కాబట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఇంజనీరు ఉండాడు గదమ్మా, మళ్ళా మీరెందుకు?" అని అడిగాడు. నా ఉద్యోగజీవితమంతా విన్న ప్రశ్నే. కట్టడం కూలకుండా చూసేది ఇంజనీరు, అందులో మనుషులకు గాలి, వెలుతురు, నడిచే దారి ఎలా ఉండాలో ఆలోచించి ప్లాను గీసేది ఆర్కిటెక్టు అని చెప్పాను. తలూపాడు గానీ నమ్మినట్టు లేదు.

ఆయనకు కావలసింది రేకుల కప్పు, నాలుగు గోడలు, ఒకే తలుపు. కిటికీలు, తలుపులు ఎక్కువైతే సరుకు బయటికి పోతుందని ఆయన భయం.

గీసేముందు పాత షెడ్డు చూస్తానన్నాను. లోపల పట్టపగలే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఫ్యాన్లు రేకుల వేడినే కిందికి తోస్తున్నాయి. మిషన్ల మధ్య ప్యాంట్ల గుట్టలు, వాటి నడుమ ఒక్క మనిషి పట్టే సందు. మాబున్ని అనే నడివయసు ఆవిడ మిషన్ ఆపి నాతో మాట్లాడింది. "ఎండాకాలం చేతులకు చెమట పట్టి గుడ్డ జారతాది మేడం. సూది వేల్లోకి దిగుతాది." తర్వాత దూరంగా ఉన్న తలుపు వైపు చూసి, "నిప్పంటుకుంటే యాడికి పోవల్ల?" అంది.

ఒకే తలుపున్న ప్లానుకు సంతకం పెట్టనని వీరభద్రప్పకు చెప్పేశాను. ఆ ఏడు మా ఆఫీసులో వేరే పెద్ద పని లేదు.

"అనంతపురంలో ఇంకెవరూ లేరా యేమి?" అన్నాడాయన.

ఉన్నారన్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక మాబున్ని కుట్టే మిషన్ ముందు కాసేపు కూర్చోమని మాత్రం ఆయన్ను అడిగాను. పరాచికమనుకుని నవ్వుతూ కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్ళు తలెత్తకుండా కుడుతున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయాక లేచి బయటికి వెళ్ళి, చెంబెడు నీళ్ళు తాగి వచ్చాడు.

"సరే, గీయమ్మా. దొంగలకు మాత్రం దారి పెట్టొద్దు" అన్నాడు.

కప్పును రంపపు పళ్ళలా లేపి, లేచిన ప్రతిచోటా ఉత్తరం వైపు అద్దాలు, వేడిగాలి పోవడానికి వాటి పక్కన సందులు ఇచ్చాను. ఉత్తరం నుంచి వెలుతురు వస్తుంది, ఎండ దాదాపు రాదు. పెద్ద తలుపు ఉత్తరపు కొసన ఉంది కాబట్టి రెండోది దక్షిణపు కొసన పెట్టాను. లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయట పిడి ఉండదు, తెరిస్తే గంట మోగుతుంది. దక్షిణంలో తలుపేమిటని వాస్తు సిద్ధాంతి అడ్డుపడ్డాడు. ఆగ్నేయం మూలకు జరిపితే పరవాలేదన్నాడు, జరిపాను. మొదటి తలుపుకు దూరంగా ఉండటమే నాకు ముఖ్యం.

మరుసటి వేసవిలో కొత్త షెడ్డు చూడటానికి వెళ్ళాను. మధ్యాహ్నం లైట్లు ఆర్పి ఉన్నాయి. మాబున్ని కప్పు వైపు చెయ్యి చూపించి, "దారం కండ్లకు బాగా కనిపిస్తాంది మేడం" అంది. ఆ మాట విన్నాక తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్ళకు వీరభద్రప్ప ఇల్లు కట్టుకుంటానని మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే, "వంటిల్లు గీసేముందు మా ఇంటి ఆడోళ్ళతో మాట్లాడమ్మా. ఆడ ఉండేది వాళ్ళే గదా" అన్నాడు.

పని అప్పగించేది ఒకరు, ఆ కట్టడంలో రోజంతా గడిపేది వేరేవాళ్ళు. ప్లాను గీసేటప్పుడు ఆ రెండోవాళ్ళు గదిలో ఉండరు. వాళ్ళ తరఫున మాట్లాడటం ఆర్కిటెక్టు పనిలో భాగమని రాయదుర్గంలో నా మనసులో స్థిరపడింది.