పాత కోర్టులో బంతి భోజనం

పశువైద్యుల సదస్సు రాజమండ్రిలో అనగానే వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. పత్రం చదివాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇక మెల్లగా రైలెక్కేద్దామనుకుంటుంటే సాయంత్రం విందు ఎక్కడన్నది మైకులో చెప్పారు. పాత కోర్టులోనట.

కోర్టు కొత్త భవనంలోకి మారిపోయాక, ఆ పాతదానికి రంగులేసి, దీపాలు పెట్టి విందులకీ సభలకీ ఇస్తున్నారు. నాకు విడాకులిచ్చిన కోర్టు అది. పైగా ఆహ్వాన సంఘంలో ఆయన కూడా ఉన్నాడు. ఆయనంటే నా మాజీ మొగుడు. నాతో పాటే చదివి, ఇక్కడే ప్రాక్టీసు పెట్టుకున్న పశువుల డాక్టరు.

"తలనొప్పిగా ఉందండీ, నేను రాను" అన్నాను, నా గదిలోనే దిగిన భీమవరం డాక్టరమ్మతో.

"గోదావరి జిల్లాకొచ్చి భోజనం మానేస్తారా? భలేవారే! లేవండి, లేవండి" అని రెక్క పట్టుకుని బస్సెక్కించింది. ఆవిడకి నా సంగతేమీ తెలియదు.

బస్సులో కిటికీ తీశాను, మూశాను, మళ్ళీ తీశాను. ఆయన ఎదురుపడతాడని కాదు నా భయం. ఆ హాల్లో అడుగు పెడితే ఆ నవ్వు మళ్ళీ వినపడుతుందని.

నాకు వంకాయ పడదు. తింటే పెదాలు వాచిపోతాయి, గొంతు పట్టేస్తుంది. అత్తవారింట్లో అది తెలిసీ వారం వారం వండేవారు. తినకపోతే పొగరనేవారు. ఆయన పక్కనే కూర్చుని ముద్ద మీద ముద్ద తినేవాడే గానీ "దానికి పడదు, వెయ్యకండి" అని ఒక్కనాడూ అనలేదు. కోర్టులో నీ బాధేంటమ్మా అని అడిగితే ఇదే చెప్పాను. వాళ్ళ ప్లీడరు చేతులు తిప్పుతూ, "వంకాయ కూరకి విడాకులాండీ?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆయన తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు. విడాకులైతే వచ్చాయి గానీ ఆ నవ్వు ఇన్నేళ్ళూ నా వెంటే ఉంది.

ఇప్పుడు జడ్జిగారి అరుగు మీద డాక్టర్లు సెల్ఫీలు దిగుతున్నారు. నన్ను నిలబెట్టిన బోను చోట ఆత్రేయపురం పూతరేకుల బల్ల. ఛ, ఇంత రంగేసినా ఆ మూల ఆ మూలే.

బఫే అయితే పళ్ళెం పట్టుకుని ఏ స్తంభం చాటుకో పోదును. మర్యాదలకి పోయి అరిటాకులు వేసి బంతి పెట్టారు. ఆహ్వాన సంఘం వాళ్ళే వడ్డన. బంతి మధ్యలో లేవకూడదు. వడ్డించేవాడు ఒక్కరినీ దాటేసి పోకూడదు. అంటే ఆయన రావాల్సిందే, నేను కూర్చోవాల్సిందే.

ఆ చివర నుంచి నేతి గిన్నె పట్టుకుని వస్తున్నాడు. జుట్టు నెరిసింది. "మొహమాటపడకండీ, ఇంకొంచెం వేసుకోండీ" అంటూ ఒక్కొక్కరి దగ్గరా ఆగుతున్నాడు. అబ్బా, ఇంత నెమ్మదా! నేను నీళ్ళు తాగాను, ఆకు సర్దుకున్నాను, మళ్ళీ నీళ్ళు తాగాను. ఆయన ముందు ఇంకొకాయన గుత్తివంకాయ కూర వడ్డిస్తున్నాడు. నా దగ్గరకొచ్చి గరిటె ఎత్తాడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టబోయాను.

"ఆవిడకి వంకాయ వెయ్యకండి. పడదు."

వెనక నుంచి ఆయనే. గట్టిగా, బంతంతా వినేటట్టు.

"అరె, మీకెలా తెలుసండీ?" అంది భీమవరం డాక్టరమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంత చిన్న మాట! నోట్లోంచి ఇంత తేలిగ్గా వచ్చే మాట!

"ఈ మాట అక్కడ చెప్పి ఉండాల్సిందండీ" అన్నాను పూతరేకుల బల్ల వైపు చూపించి. బంతంతా వింది. విననీ.

ఆయన అటు తిరిగి చూశాడు. గిన్నె ఒరిగి నెయ్యి చేతి మీద కారుతున్నా చూసుకోలేదు.

"అవునండి. చెప్పాల్సింది" అన్నాడు, అంతే గట్టిగా.

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు.

"నెయ్యి వెయ్యండి" అన్నాను.