బడిలో ముందుగా చూడాల్సింది

మనవరాలిని ఆరో తరగతిలో చేర్చాలని, ఖమ్మంలో ఇల్లు వెతకడానికి ఇద్దరం చండ్రుగొండలో బస్సెక్కాం. ఏ సర్కారు బడి దగ్గర కిరాయి తక్కువైతే అక్కడే ఉందామనుకున్నాను. ఎండకు పిల్ల పెదవులు ఎండిపోయినా, నీళ్ల సీసా ఇస్తే వద్దంది.

పక్క సీట్లో ఉన్నామె, "ఏంది బిడ్డా, తాగవా?" అంది.

"ఒంటికొస్తే ఎట్ల? బడిల గూడ తాగను. బాత్రూముకు తాళమేస్తరు," అంది పిల్ల. ఆ సంగతి నేను వినడం అదే మొదలు.

ఆమె నా వైపు తిరిగి, "బడి చూసేటప్పుడు ముందుగాల ఆడపిల్లల బాత్రూం చూడు పెద్దమ్మా. కిరాయి మిగిల్చి దవాఖానాల పోస్తవా?" అంది. నాకు కోపమొచ్చింది.

"నువ్ తాగు బిడ్డా, ఏన్కూరుల బస్సు నేనాపుత," అని సీసా మూత తీసి ఇచ్చింది. ఏన్కూరులో తను దిగి, పిల్ల వెళ్లి తిరిగొచ్చేదాకా తన సంచి పట్టుకుని బస్సుకు అడ్డంగా నిలబడింది. కండక్టరు అరిస్తే, "జర ఆగు తమ్మీ, నీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?" అంది.

ఖమ్మంలో కిరాయి తక్కువున్న చోట బడికెళ్లి బాత్రూం చూపించమన్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో సారుకే తెలియలేదు. మరో బడిలో ఇద్దరు ఆడపిల్లలు తడిచేతులు ఒకరి మీద ఒకరు విదుల్చుకుంటూ, నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఆ వీధిలోనే ఇల్లు తీసుకున్నాను. నా జన్మలో బేరమాడకుండా ఒప్పుకున్న కిరాయి అదొక్కటే.