ఇంట గెలవాల్సిన సువార్త

మా పెద్దమ్మ చావుబతుకుల్లో ఉన్న అత్తగారికి దొంగచాటుగా బాప్తిస్మం ఇప్పించిందని మా వీధిలో చెప్పుకుంటారు. ఆవిడ నోరు పడిపోయేదాకా కాచుకుని కూర్చుందట. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ గదిలో లేరు. నేనున్నాను. చదువు ఎనిమిదితో ఆగిపోయాక, ముసలావిడకు తోడుగా నన్ను వాళ్లింట్లో ఉంచారు.

పెద్దమ్మది మిషన్ వాళ్ల తరఫున ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పే పని. ఏ ఇంటికి వెళ్లినా ముందు సంచి పక్కన పెట్టి, ఆ ఇల్లాలి చేతిలో పని సగం లాక్కునేది. ఉల్లిపాయలు తరగడమో, తడిబట్టలు పిండడమో పూర్తయ్యాకే దేవుడి మాట ఎత్తేది. "చేతులు ఖాళీ అయితేగానీ చెవులు తెరుచుకోవు" అనేది. అలా ఆమె వల్ల చర్చికి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి.

సొంత ఇంట్లో మాత్రం ఆమె పప్పులుడకలేదు.

"మీరు నమ్మకపోతే చచ్చాక మీరెక్కడో నేనెక్కడో అయిపోతాం అత్తయ్యా" అనేది. ఆ భయం ఆమెకు నిజంగానే ఉండేది. అత్తగారి కాళ్లు ఒత్తుతూ పెదాలు కదిలీ కదలకుండా ప్రార్థించేది.

"మీ దేవుడు మంచోడేనే కోడలా. కానీ నమ్మకుండానే పోయిన మీ మావయ్య అక్కడ ఉండడుగా. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాని మనిషి. ఆయన్నొదిలి నేనెక్కడికి పోను?"

"అక్కడ చొక్కాలుండవు అత్తయ్యా."

"అయితే మరీ కష్టం. చలికి అస్సలు ఆగలేడు."

పాస్టరుగారికి ఇది నవ్వులాట కాదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా. మీ అత్తగారే ఒప్పుకోకపోతే వీధిలో ఏ మొహం పెట్టుకుని చెప్తారు?" అన్నారు.

ముసలావిడకు మాట పడిపోయిన మర్నాడు ఆయన గిన్నెతో నీళ్లు పట్టుకొచ్చారు. అరుగు మీద కూర్చున్నవాళ్లు ఆయన లోపలికి వెళ్లడం చూశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఇప్పుడిక కాదనలేరు. కానిచ్చేద్దామా?" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

పెద్దమ్మ గిన్నె వంక చూసింది. తర్వాత మంచం మీదకు వంగి, "అత్తయ్యా, బాప్తిస్మం ఇప్పించమంటారా?" అని అడిగింది.

ముసలావిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"మీరు వెళ్లిరండి అయ్యగారూ" అంది పెద్దమ్మ.

ఆయన వెళ్లారు, గిన్నె స్టూలు మీదే ఉండిపోయింది. అందులో నీళ్లు పెద్దమ్మ ఏడుస్తూ, చెంచాతో కొద్దికొద్దిగా అత్తగారికి తాగించింది.